కల్వకుర్తిలో పల్లి నూనె గానుగ: మిషన్ కొనే ముందు వేసుకోవలసిన లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చేతిలో ఆరు లక్షలు ఉన్నాయి. కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు మీద ఒక షట్టర్ కిరాయికి దొరుకుతోంది. భార్యాభర్తలిద్దరూ పని చేసుకుంటారు. కట్టె గానుగ పెడితే నిలబడుతుందా, సబ్సిడీ లోన్ తీసుకుని పెద్ద మిషన్ పెట్టడం మంచిదా?

నిలబడుతుంది. అయితే మిషన్ గురించి ఆలోచించడం అన్నిటికంటే చివర పెట్టుకోండి. పాలమూరులో సరుకుకు కరువు లేదు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, అచ్చంపేట, అటు దేవరకొండ దాకా యాసంగి పల్లి బాగా పండే నేల ఇది. పైసలిస్తే మిషన్ ఎవరైనా తెచ్చి బిగించి పోతారు. అయినా మూతపడే గానుగలు చాలా ఉన్నాయి, కారణాలు దాదాపు ప్రతిచోటా అవే. నెలకు ఎన్ని లీటర్లు అమ్మితే ఖర్చు వెళ్తుందో ముందు లెక్క చూసుకోరు. ఉన్న పైసలన్నీ మిషన్‌లో, ఉద్దెరలో ఇరుక్కుపోయి, కాయ చౌకగా ఉన్న నెలలో కొనడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఆ లెక్క ఇప్పుడే వేద్దాం. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఈ అంకెలను ఉదాహరణగా తీసుకుని, మీ వారం రేట్లు పెట్టి మళ్లీ వేసుకోండి.

కాయ క్వింటాలు 7,500 అనుకుందాం (2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 7,263). క్వింటాలు కాయ కొడితే 65 నుంచి 70 కిలోల గింజ వస్తుంది. 67 కిలోలు వస్తే గింజ కిలో 112 పడింది. హమాలీ, బండి కిరాయి, కాయ కొట్టిన కూలి కలిపితే 120 అవుతుంది. గానుగలో ఒక వాయికి 15 కిలోల గింజ పోస్తే 1,800 రూపాయల సరుకు పోసినట్టు. దానికి ఆరు లీటర్ల నూనె, తొమ్మిది కిలోల చెక్క (నూనె పిండగా మిగిలే పిండి) వస్తాయి. చెక్క కిలో 40 చొప్పున 360 వెనక్కి వస్తుంది. అంటే లీటరు నూనెకు సరుకు ఖర్చు 240. సీసా, మూత, లేబుల్ 15, కరెంటు నాలుగు రూపాయలు. లీటరు మీద తప్పనిసరిగా పడే ఖర్చు 259.

ఇప్పుడు అమ్మినా అమ్మకపోయినా నెల తిరిగేసరికి కట్టవలసినవి చూడండి. షట్టర్ కిరాయి 8,000, ఒక మనిషి జీతం 13,000, మీ ఇంటి ఖర్చుకు తీసుకునేది 15,000, కరెంటు కనీస బిల్లు, ఫోను, చిన్న రిపేర్లకు 4,000, మిషన్ అరుగుదలకు పక్కన పెట్టేది 5,000. మొత్తం 45,000. మీ జీతం ఈ లెక్కలో రాయకపోతే లాభం ఉన్నట్టు కనిపిస్తుంది, ఆరు నెలల్లో సరుకు పైసలు ఇంట్లో ఖర్చయిపోయి ఉంటాయి. అందుకే ఆ 15,000ను ఖర్చుల్లోనే రాయండి, నెలకు ఒకేసారి తీసుకోండి. గల్లాలోంచి రోజూ వందా రెండొందలు తీసే అలవాటు మొదటి రోజు నుంచే వద్దు.

లీటరు 360కి అమ్మితే 101 మిగులుతుంది. 45,000ను 101తో భాగిస్తే దాదాపు 446. అంటే నెలకు 450 లీటర్లు అమ్మిన తర్వాతే మీకు లాభం మొదలు. 300 లీటర్లే అమ్మితే లీటరు మీకే 409 పడుతుంది, 360కి అమ్మితే ప్రతి లీటరుకు దాదాపు 50 రూపాయలు చేతి నుంచి పోతాయి. 600 లీటర్లు అమ్మితే అదే లీటరు 334కు పడుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు రెండు లీటర్లు మీ దగ్గర కొంటారనుకుంటే, 450 లీటర్లకు 225 ఇండ్లు కావాలి. ఒకసారి కొని చూసే ఇండ్లు ఈ లెక్కలోకి రావు, నెలనెలా వచ్చేవే కావాలి.

ఇంకో సంగతి గమనించండి. వాయికి గంట చొప్పున రోజుకు ఆరేడు వాయిలు తీస్తే 36 నుంచి 42 లీటర్లు వస్తాయి. 25 రోజులకు దాదాపు వెయ్యి లీటర్లు. చిన్న గానుగే మీ అవసరానికి రెట్టింపు తీస్తుంది. అలాంటప్పుడు పెద్ద మిషన్ ఎందుకు? మీకు అడ్డం వచ్చేది గిరాకీ, మిషన్ సైజు కాదు.

అందుకని షట్టర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. దగ్గర్లో నడుస్తున్న గానుగలో మీ గింజ ఇచ్చి కూలికి నూనె తీయించుకోండి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, సరైన లేబుల్ వేసి, 60 ఇండ్లకు అమ్మండి. చుట్టాల ఇండ్లు ఈ లెక్కలో కలపకండి. మొహమాటానికి కొన్నవాళ్లు మూడో నెల కొనరు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రి సిబ్బంది, పెద్దవాళ్లకు సుగర్, బీపీ ఉండి నూనె విషయంలో జాగ్రత్త పడుతున్న ఇండ్లు, ఇట్లా వెతకండి. మొదటి నెల 60 మంది కొన్నా అది లెక్కలోకి రాదు. రెండో నెల మీరు ఫోన్ చేయకుండా ఎందరు తిరిగి అడిగారో చూడండి. సగానికి పైగా వస్తే ముందుకు పోండి. ఇరవై కూడా రాకపోతే రుచో, రేటో, నమ్మకమో ఏదో కుదరలేదు. కారణం తెలుసుకోవడానికి అప్పటికి మీకు పోయింది కొద్ది పైసలే.

శ్రీశైలం రోడ్డు షట్టర్ విషయం. ఆ రోడ్డు మీద కార్లు ఆగుతాయి, సీసా రెండు సీసాలు కొంటారు, పోతారు. శివరాత్రికి, కార్తీకంలో బాగా కనిపిస్తుంది. కానీ 225 ఇండ్ల లెక్క ఆ గిరాకీతో నిండదు. ఊళ్లో కూరగాయల మార్కెట్‌కు, బడికి వెళ్లే దారిలో తక్కువ కిరాయికి దొరికితే అదే మేలు. గది ముందు భాగంలో గానుగ పెట్టండి, తిరిగేది బయటికి కనిపించాలి. ప్యాకెట్ నూనె మీ దానికంటే చౌకగా దొరుకుతుంటే 360 ఎందుకని అడిగేవాళ్లకు, తమ కళ్ల ముందు గింజ పోసి నూనె తీయడం చూపించడాన్ని మించిన జవాబు ఉండదు. రేటు తగ్గించి పోటీకి దిగితే మీరు నష్టపోతారు, వాళ్లకూ అనుమానం వస్తుంది.

ఆరు లక్షల్లో మిషన్, మోటారు, బిగింపు, త్రీ ఫేజ్ కనెక్షన్, స్టీలు డ్రమ్ములు, కాంటా, షట్టర్ అడ్వాన్స్ అన్నీ కలిపి మూడు లక్షలు దాటనివ్వకండి. రెండు లక్షల పాతిక వేలు సరుకుకు పెట్టండి. 7,500 చొప్పున 30 క్వింటాళ్ల కాయ వస్తుంది, నెలకు 450 లీటర్ల లెక్కన అది నెలా ఇరవై రోజులకు పైగా సరిపోతుంది. మిగిలిన 75,000 బ్యాంకులో ఉంచి ముట్టుకోకండి. మోటారు కాలినా, రెండు నెలలు గిరాకీ పడిపోయినా మిమ్మల్ని నిలబెట్టేది ఆ పైసలే.

సబ్సిడీ గురించి చాలామందికి ఉన్న అపోహ అది చేతికి వచ్చే పైసలనుకోవడం. 2025-26 నాటి నిబంధనల ప్రకారం, సొంత ఉపాధికి కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకంలో కల్వకుర్తి లాంటి మున్సిపాలిటీల్లో జనరల్ వర్గానికి 15 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వగైరా వర్గాలకు 25 శాతం. ఆహార పరిశ్రమలకు ఉద్దేశించిన పీఎంఎఫ్‌ఎంఈలో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షలు. రెండింటిలోనూ ఆ సొమ్ము బ్యాంకు దగ్గరే విడిగా ఉంటుంది, మూడేళ్లు యూనిట్ నడిచిన తర్వాత మీ లోన్‌లో జమ అవుతుంది. ఈ లోపు మూసేస్తే వెనక్కి పోతుంది. లోన్ మంజూరు కాకముందే మిషన్ కొనేస్తే ఆ బిల్లు సాధారణంగా లెక్కలోకి రాదు. తీసుకోవద్దని చెప్పడం లేదు. ఈ పథకాలు ఇప్పుడు నడుస్తున్నాయా లేదా జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. కానీ సబ్సిడీ పెరుగుతుందని 15 లక్షల ప్రాజెక్టు రాయించుకుంటే, వాయిదా కూడా ఆ 45,000 మీదికి చేరుతుంది. వాయిదా 12,000 వస్తే మీరు అమ్మవలసిన నూనె 450 నుంచి 565 లీటర్లకు పెరుగుతుంది. ఆ 115 లీటర్లు ఎవరు కొంటారో చెప్పగలిగితేనే సంతకం పెట్టండి.

ఇక కాయ కొనడం. గానుగలో లాభం సగం ఇక్కడే తేలుతుంది. యాసంగి కాయ డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా యార్డులకు వస్తుంది. రాశులు బాగా పడే వారాల్లో రేటు దిగుతుంది, వానాకాలం మొదలయ్యేసరికి ఎక్కుతుంది. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో చేతిలో పైసలు ఉన్నవాడు ఏడాదంతా నిశ్చింతగా ఉంటాడు. యార్డులో కొనాలంటే లైసెన్స్ ఉన్న ఖరీదుదారు ద్వారా కొంటారు. రైతు దగ్గర కళ్లంలోనే కొనే వీలుంటే తూకం, తేమ రెండూ మీ కళ్ల ముందే తేలతాయి.

కొనే ముందు మచ్చు ఇట్లా చూడండి. రాశి పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి కలిపి కిలో కాయ తీసుకుని చేత్తో ఒలిచి గింజ తూకం వేయండి. 700 గ్రాములు వస్తే మంచి కాయ, 650 వస్తే రేటు తగ్గించి కొనవచ్చు, 600కు దిగితే తాలు ఎక్కువ, వదిలేయండి. 7,500 పెట్టి 60 కిలోలే గింజ వస్తే కిలో 112 కాస్తా 125 అవుతుంది. తర్వాత కాయను చెవి దగ్గర ఊపండి, ఎండినదైతే గింజ గలగలమంటుంది. గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడాలి, కొరికితే పటుక్కున విరగాలి. మెత్తగా అణిగితే తేమ ఉంది. గింజలో తేమ ఏడెనిమిది శాతం దాటితే నిల్వకు పనికిరాదు. చిన్న తేమ మీటర్ కొనుక్కోవడం మంచి ఖర్చే.

గింజను రెండుగా చీల్చి లోపల తప్పకుండా చూడండి. ఆకుపచ్చ, పసుపు కలిసిన బూజు, నల్లబడిన గింజ, ముడుచుకున్న చేదు గింజ కనిపిస్తే ఆ రాశి సగం ధరకిచ్చినా వద్దు. ఆ బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు కారణమవుతుంది. రిఫైనరీలో శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది, గానుగలో అట్లాంటి శుద్ధి లేదు. నూనెలోకి కొంత, చెక్కలోకి ఎక్కువ పోతుంది. ఆ చెక్క తిన్న బర్రె పాలలోకి కూడా వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంటికి మన నూనె పోతోందని గుర్తుంచుకుని, గింజ పోసే ముందు జల్లెడ పట్టి, బల్ల మీద పరిచి, చెడ్డ గింజ చేత్తో ఏరించండి. మీరు పెట్టుకునే ఆ ఒక్క మనిషికి ముఖ్యమైన పని ఇదే.

నిల్వ ఎప్పుడూ కాయగానే చేయండి. గింజను కాపాడేది కాయ తొక్కే. ఒలిచిన గింజ వానాకాలంలో తొందరగా మక్కి పోతుంది, పురుగు పడుతుంది. పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొట్టించండి. గోనె సంచుల్లోనే ఉంచండి, ప్లాస్టిక్ సంచుల్లో చెమ్మ చేరుతుంది. కింద కట్టె దిమ్మెలు వేసి అర అడుగు ఎత్తులో, గోడకు అడుగున్నర దూరంలో నెట్టు కట్టండి. తొక్క పారేయకండి, ఇటుక బట్టీలవాళ్లు కొంటారు.

గానుగ రోలు, రోకలి దిరిసెన కట్టెవి అయితే మన్నుతాయి. కోయంబత్తూర్, కాంగేయం వైపు నుంచి వచ్చేవాటిలో అదే వాడుతారు. కొనేటప్పుడు కట్టెకు నెర్రెలు, ముడులు ఉన్నాయేమో, గేర్ బాక్స్ నుంచి ఆయిల్ కారి రోట్లో పడే అవకాశం ఉందేమో చూడండి. రోకలి నిమిషానికి పది పదిహేను చుట్లు తిరిగితే చాలు. తొందరగా అవుతుందని పుల్లీ మార్చి వేగం పెంచితే నూనె వేడెక్కుతుంది, వాసన మారుతుంది, గానుగ అన్న పేరుకే అర్థం ఉండదు. కొత్త రోలు మొదటి నాలుగైదు వాయిల నూనె తాగుతుంది, ఆ నూనె అమ్మకానికి పనికిరాదు. పాలమూరు ఎండలకు ఖాళీగా ఉన్న రోలు పగులుతుంది. నాలుగు రోజులు పని లేకపోతే లోపల పల్లి చెక్క పిండి నింపి, నూనె గుడ్డ కప్పి ఉంచండి.

వాయిలో తప్పు జరిగేది నీళ్ల దగ్గర. గింజ నలిగి పిండిగా మారాక, 15 కిలోలకు గ్లాసు నుంచి గ్లాసున్నర నీళ్లు, ఒకేసారి పోయకుండా చిలకరిస్తూ ఇవ్వాలి. తక్కువైతే పిండి పొడిగా పైకి లేస్తుంది, నూనె విడవదు. ఎక్కువైతే ముద్ద అయిపోతుంది, నూనె మజ్జిగలా తెల్లబారి వస్తుంది, ఎంత ఆరబెట్టినా తేటపడదు. కొత్త కాయకు నీళ్లు తక్కువ పడతాయి, మే నెల కాయకు ఎక్కువ. అది చేతికి అలవడే పని, పనివాడు మారినప్పుడల్లా మొదటి వారం మీరే దగ్గరుండి చూసుకోవాలి.

మోటారు ఐదు హెచ్‌పీ సరిపోతుంది. కనెక్షన్ విద్యుత్ సంస్థ దగ్గర ఎల్‌టీ పరిశ్రమల కేటగిరీలో తీసుకోండి. దుకాణం కేటగిరీలో ఇస్తే యూనిట్‌కు ఎక్కువ పడుతుంది. ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టకుండా స్విచ్ వేయకండి. ఒక ఫేజ్ పోయినప్పుడు రోలు నిండా పిండి ఉంటే మోటారు కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది.

తీసిన నూనెను అదే రోజు సీసాలో నింపకండి. స్టీలు డ్రమ్ములో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, రెండు మూడు రోజులు ఎండ తగిలే చోట ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, తడి పోతుంది. వానల్లో ఐదు రోజులు పడుతుంది. పై తేట మాత్రమే వడగట్టి నింపండి. ఇత్తడి, రాగి, తుప్పు పట్టిన ఇనుము నూనెకు తగలకూడదు, తొందరగా ముక్కుతుంది. నిండిన సీసాలను ఎండలో షోకు పెట్టకండి. ఆరబెట్టేది డ్రమ్ములో, దాచేది నీడలో.

కొనేవాళ్ల నుంచి వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. మూకుడులో పొంగుతోంది అంటారు. గానుగ నూనెలో సహజంగా ఉండే జిగురు, మిగిలిన తడి వల్ల అది జరుగుతుంది. సన్న మంట మీద కొద్దిసేపు కాగనిచ్చి తర్వాత సకినాలో, మురుకులో వేయమని ముందే చెప్పండి. మరీ పొంగితే మీ మడ్డి దిగలేదని అర్థం, సీసా మార్చి ఇవ్వండి. రెండోది, డిసెంబర్, జనవరి తెల్లవారుజామున నూనె మబ్బుపట్టి చిక్కబడడం. పల్లి నూనె గట్టి చలికి అట్లా అవుతుంది, ఎండెక్కగానే తేటపడుతుంది. ముందే చెప్పకపోతే పామాయిల్ కలిపారని ఊరంతా పాకుతుంది, ఆ మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

రోజూ రాయవలసిన పుస్తకాలు రెండే. ఒకదానిలో వాయి నంబరు, పోసిన గింజ, వచ్చిన నూనె, వచ్చిన చెక్క. ఆరు లీటర్ల నూనె తూకం ఐదున్నర కిలోలు, చెక్క తొమ్మిది, మడ్డి, తేమ, తరుగు కలిపి అరకిలో. కలిపితే 15 రావాలి. నూనె తగ్గి చెక్క బరువు పెరిగితే నీళ్లలోనో, రోకలి అరుగుదలలోనో లోపం ఉంది. రెండూ తగ్గితే సరుకు బయటికి పోతోంది. రెండో పుస్తకంలో పొద్దున గల్లా, రొక్కం అమ్మకం, ఫోన్‌పే అమ్మకం, ఖర్చు, రాత్రి గల్లా. దుకాణం పేరు మీద కరెంట్ అకౌంట్ తీసి, క్యూఆర్ కూడా దానికే పెట్టండి.

ఉద్దెర పూర్తిగా ఆపడం మన ఊళ్లలో కుదరదు, హద్దు పెట్టడం కుదురుతుంది. బయట ఉన్న బాకీ మొత్తం పది రోజుల అమ్మకాన్ని దాటకూడదు. 450 లీటర్ల దుకాణానికి అది 54,000. హోటళ్లకు, టిఫిన్ సెంటర్లకు పాత బిల్లు కడితేనే కొత్త డబ్బా, ఎంత దగ్గరివారైనా ఇదే మాట. ఇచ్చిన సాయంత్రమే వాట్సాప్‌లో బాకీ ఎంతో పంపండి. నెల తర్వాత అడిగితే మాటా మాటా పెరుగుతుంది, అదే రోజు పంపితే ఎవరూ ఏమీ అనుకోరు.

చేతిలో పైసలు ఆడక డైలీ ఫైనాన్స్ దగ్గరికి పోయేవాళ్లు ఈ లెక్క చూడాలి. పదివేలని చెప్పి వెయ్యి పట్టుకుని 9,000 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి మీ చేతిలో సగటున ఉన్నది 4,500 మాత్రమే. దానికి వంద రోజుల్లో వెయ్యి కట్టారు. ఏడాదికి 80 శాతం, మన లెక్కలో నూటికి నెలకు ఆరున్నర రూపాయలు దాటిన మిత్తి. ఏ గానుగా అంత సంపాదించదు. ముద్రా లోన్ పూచీకత్తు లేకుండానే ఇస్తారు, సరుకు కొనడానికి ముందే మాట్లాడి పెట్టుకోండి.

కూలి గానుగ మాత్రం తప్పకుండా పెట్టండి. మన దగ్గర చాలా ఇండ్లలో సొంత పల్లి ఉంటుంది. గింజ తెచ్చి నూనె పట్టించుకుపోతారు, మీకు సరుకు పెట్టుబడి లేకుండా రొక్కం వస్తుంది. కిలోకు ఎంత, చెక్క ఎవరిది అన్నది బోర్డు మీద రాయండి. ఎవరి గింజ వాళ్ల ముందే తూచి, వాళ్ల ముందే పోయండి. చెక్క పదిహేను రోజుల్లో పాడి రైతులకు అమ్మేయండి. గానుగ చెక్కలో నూటికి పది పైనే నూనె మిగిలి ఉంటుంది, అందుకే పశువులకు మంచిదని కొంటారు, అందుకే వానల్లో తొందరగా బూజు కూడా పడుతుంది.

కాగితాలు తొందరగా చెప్తాను. ఫుడ్ సేఫ్టీ నంబరు 14 అంకెలది, ప్రతి సీసా మీద ఉండాలి. టర్నోవర్ తక్కువ చూపించి చిన్న రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టకండి. వంట నూనెను విడిగా గిన్నెల్లో పోసి అమ్మడం చట్టప్రకారం కుదరదు, ప్యాక్ చేసి లేబుల్ వేయాలి. లేబుల్ మీద లీటరుతో పాటు బరువు (910 గ్రాములు), ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్, ఎన్నాళ్లలో వాడాలో, అడ్రసు, ఫోను రాయండి. సుగర్ తగ్గుతుంది, గుండెకు మందు అని రాయకండి, అది నేరం. కాంటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ తీసుకోండి. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి వేలు అడిగేవాళ్లకు ఇవ్వకండి.

జీఎస్టీలో పొరపాటు పడేవాళ్లు ఎక్కువ. ఏడాది అమ్మకం 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదని విని ఉంటారు, అది వేరే రాష్ట్రాల సంగతి. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు కూడా హద్దు 20 లక్షలే. నెలకు 450 లీటర్లు 360 చొప్పున ఏడాదికి 19 లక్షల 44 వేలు, చెక్క కలిపితే దాటినట్టే. చిన్న వ్యాపారులకు ఉన్న కాంపోజిషన్ పద్ధతి కింద నమోదైతే అమ్మకం మీద ఒక శాతం మీ చేతి నుంచి కట్టాలి, రాష్ట్రం బయటికి అమ్మకూడదు. మామూలు పద్ధతిలో నూనె మీద 5 శాతం. ఏదైనా సరే రేటు పెట్టే ముందే ఆ 360లో అది ఇమిడిందో లేదో చూసుకోండి.

కాయ రేటు పెరిగినప్పుడు నెల చివరిదాకా ఆగకండి. గింజ కిలోకు ఐదు రూపాయలు పెరిగితే లీటరుకు పన్నెండున్నర పెరుగుతుంది. అదే వారం రేటు మార్చి, కారణం వాట్సాప్‌లో చెప్పండి. దిగినప్పుడు కూడా అంతే తొందరగా దింపండి.

నువ్వుల నూనె తొక్కుల కాలానికి, ఏప్రిల్ ముందే మొదలుపెట్టవచ్చు, రోలు పూర్తిగా తుడిచి, మొదటి వాయి విడిగా పెట్టుకుని. ఆముదం మాత్రం తినే నూనె తీసే రోట్లో ఎన్నడూ వేయకండి, ఎంత బతిమాలినా, ఎంత ఇచ్చినా. ఆముదపు పిండిలో విషం ఉంటుంది, కట్టె దాన్ని పట్టుకుని ఉంటుంది. రెండో గానుగ గురించి, మొదటిది వరుసగా మూడు నెలలు రోజుకు ఆరు వాయిలు తిరిగి, ఆ నూనె నెలలోపే అమ్ముడుపోయి, ఉద్దెర హద్దు దాటకుండా ఉన్నప్పుడు మళ్లీ లెక్క వేయండి.